బరువు తగ్గాలి... అంకె మారకూడదు!

దరఖాస్తుకు ఈ రాత్రితో గడువు ఆఖరు. వివరాలన్నీ నింపేశారు. ఫీజు కట్టేశారు. ఇక మార్కుల మెమో, కులధ్రువీకరణ పత్రం ఎక్కిస్తే పని అయిపోయినట్టే. తీరా బటన్ నొక్కితే తెర మీద ఎర్రక్షరాలు... 'ఫైలు సైజు పరిమితిని మించింది' అని! ఒక్క కాగితాన్ని స్కాన్ చేస్తే నాలుగు ఎంబీలు ఎందుకైంది? దాన్ని 200 కేబీలకు దించేదెలా? దించాక అందులో అక్షరాలు మిగులుతాయా? కాస్త లెక్క తెలిస్తే ఇదేమంత కష్టం కాదు.

పిల్లల అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగ ప్రకటనలు, బ్యాంకు రుణాలు, విదేశీ చదువులు... ఇప్పుడు ఏ పనికైనా ముందు అడిగేది 'స్కాన్ చేసిన పీడీఎఫ్'. ఒకచోట 100 కేబీలు దాటకూడదంటారు. ఇంకోచోట రెండు ఎంబీల దాకా ఫరవాలేదంటారు. మన దగ్గరున్న ఫైలేమో ఆ గీత దగ్గర ఆగదు. దాంతో వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కో, ఊరూపేరూ తెలియని ఏదో వెబ్‌సైట్‌కో ఆ కాగితాల్ని అప్పగించేస్తాం. అక్కడ సైజు తగ్గుతుంది సరే. కానీ దాంతోపాటు ఇంకేం తగ్గిందో, ఏం మారిందో మళ్లీ తెరిచి చూసేవాళ్లు ఎంతమంది?

అది అక్షరం కాదు... ఫొటో!

ముందుగా ఒక్క విషయం. కంప్యూటర్‌లో టైపు చేసి నేరుగా పీడీఎఫ్‌గా మార్చిన ఉత్తరం వేరు. అదే ఉత్తరాన్ని ప్రింటు తీసి, స్కాన్ చేసి తయారుచేసిన పీడీఎఫ్ వేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటి దాంట్లో ఉండేవి అక్షరాల గుర్తులు, ఖతి వివరాలు. అందుకే అది చాలావరకు పదుల కేబీల్లోనే సర్దుకుంటుంది. రెండో దాంట్లో అసలు అక్షరమన్నదే ఉండదు. కాగితానికి తీసిన ఫొటో ఉంటుంది. 'అ' అనే అక్షరం కంప్యూటర్‌కి అక్కడ 'అ' కాదు, కొన్ని వందల నల్ల చుక్కల గుంపు!

1993లో అడోబీ సంస్థ ఈ పీడీఎఫ్‌ని విడుదల చేసినప్పుడు దాని ఉద్దేశం- ఏ కంప్యూటర్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనిపించాలని. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. నిజానికి పీడీఎఫ్ అనేది ఒక సంచీ లాంటిది. అందులో అక్షరాలు వేసినా తీసుకుంటుంది, ఫొటోలు వేసినా తీసుకుంటుంది. సంచీకి బరువు లేదు. బరువంతా లోపల వేసిన సరుకుదే.

చుక్కల లెక్క

ఆ బరువెంతో చూద్దాం. స్కానర్ సెట్టింగుల్లో 'డీపీఐ' అని కనిపిస్తుంది కదా... అంగుళానికి ఎన్ని చుక్కలు తీయాలన్నదే దానర్థం. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. మొత్తం సుమారు 87 లక్షలు! రంగుల్లో అయితే ఒక్కో చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున మూడు బైట్లు కావాలి. అంటే రెండు కోట్ల అరవై లక్షల బైట్లు. దాదాపు 25 ఎంబీలు. ఒక్క పేజీకే!

రంగు వదిలేసి 'గ్రేస్కేల్'... అంటే తెలుపు, బూడిద, నలుపు ఛాయల్లో తీస్తే చుక్కకి ఒక్క బైటు చాలు. బరువు మూడో వంతుకి దిగుతుంది. అదీ వద్దనుకుని అచ్చంగా నలుపు-తెలుపుల్లోనే తీస్తే ఒక్క బైటులోనే ఎనిమిది చుక్కలు ఇమిడిపోతాయి. పేజీ మొత్తం ఇంచుమించు ఒక్క ఎంబీనే. రంగు పేజీతో పోలిస్తే ఇరవై నాలుగో వంతు!

డీపీఐ సంగతీ అంతే. 300ని 150 చేస్తే బరువు సగమవుతుందని అనుకుంటాం. కాదు, పావు వంతవుతుంది. అడ్డంలో సగం, నిలువులో సగం తగ్గుతాయి కాబట్టి. అదే 'స్పష్టంగా రావాలి' అని 600 పెట్టారనుకోండి, నాలుగింతలవుతుంది. తెలియక పెట్టిన ఆ ఒక్క అంకే మన ఫైలుని ఏనుగంత చేసేది. అందుకే ఈ విషయంలో అసలు మందు స్కాన్ చేసేటప్పుడే ఉంది. పెరిగాక తగ్గించడం కన్నా పెరగకుండా చూసుకోవడమే తేలిక.

ఎలా కుదిస్తారు?

పైన చెప్పినవన్నీ కుదించకముందు లెక్కలు. స్కానర్ ఫైలుని మనకిచ్చేలోపే లోపల ఓ కుదింపు జరుగుతుంది. అందుకే 25 ఎంబీల పేజీ నాలుగు ఎంబీలకో, అంతకన్నా తక్కువకో వస్తుంది. ఈ కుదింపు పద్ధతుల్లో ముఖ్యమైనవి మూడు.

మొదటిది అందరూ ఎరిగిన జేపెగ్. 1992లో ప్రమాణంగా వచ్చింది. బొమ్మని 8 అడ్డం, 8 నిలువు... మొత్తం 64 చుక్కల గళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడిలోనూ మన కంటికి పెద్దగా ఆనని సన్నటి తేడాల్ని వదిలేస్తుంది. ముఖాలకీ, పూలకీ, ఆకాశానికీ ఇది భేషైన పద్ధతి. అక్షరాలకే చిక్కు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అంచు ఉన్నట్టుండి మొదలవుతుంది. మరీ ఎక్కువగా కుదిస్తే ఆ అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మసక తేలుతుంది.

రెండోది ఫ్యాక్స్ యంత్రాల కోసం పుట్టిన 'గ్రూప్ 4' పద్ధతి. 1984 నాటిది. ఇది నలుపు-తెలుపు పేజీలకి మాత్రమే. 'ఇక్కడి నుంచి 1200 చుక్కలు తెలుపు, తర్వాత 6 నలుపు' అన్నట్టు రాసుకుంటూ పోతుంది. కింది వరస పై వరసలాగే ఉంటే తేడా మాత్రమే రాసుకుంటుంది. పేజీలో ఎక్కువ భాగం తెలుపే కాబట్టి బోలెడంత కలిసొస్తుంది. పైగా ఒక్క చుక్క కూడా పోదు. విప్పితే ఉన్నది ఉన్నట్టుగా తిరిగి వస్తుంది.

ఈ పద్ధతికి మన తెలుగువాళ్లతోనూ సంబంధముంది. చిత్తూరు ప్రాంతంలో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గుర్తున్నారు కదా! పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలని ఆయన తలపెట్టిన ప్రాజెక్టు 2007 నాటికే ఆ లక్ష్యాన్ని దాటేసింది. మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు అలాగే కంప్యూటర్‌కెక్కాయి. అచ్చు పుస్తకాల పేజీల్ని 600 డీపీఐలో, నలుపు-తెలుపుల్లో తీసి ఈ ఫ్యాక్స్ పద్ధతితో కుదించడమే అక్కడి కిటుకు. అదే రంగుల్లో 300 డీపీఐతో దాచాలంటే 250 పేజీల పుస్తకం ఒక్కటే కుదించకముందు ఆరు వేల ఎంబీలు దాటుతుంది. అలాంటివి పది లక్షలంటే... ఊహించుకోండి!

ఇక మూడోది 2000 సంవత్సరంలో వచ్చిన 'జేబిగ్ 2'. ఇది ఇంకా తెలివైంది. పేజీలో ఒకేలా కనిపించే ఆకారాల్ని వెతుకుతుంది. 'e' లాంటి అక్షరం పేజీలో వందసార్లు వస్తే ఒక్కదాన్నే దాచి, మిగతా తొంభైతొమ్మిది చోట్లా దాన్నే అతికిస్తుంది. బరువు అమాంతం తగ్గిపోతుంది. ఆ తెలివే ఓసారి కొంప ముంచింది.

మూడు గదులూ ఒకే కొలత!

2013లో జర్మనీలో జరిగిందిది. ఓ నిర్మాణ సంస్థ ఇంటి ప్లానుని జిరాక్స్ యంత్రంలో నకలు తీసింది. ప్లానులో మూడు గదుల వైశాల్యాలు ఉన్నాయి- 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. నకలులో చూస్తే మూడు గదుల్లోనూ 14.13 అనే ఉంది! ఒక గది పక్క గదికన్నా స్పష్టంగా పెద్దది. అయినా అంకె మాత్రం అదే. కాగితం నలగలేదు, సిరా అలుక్కుపోలేదు. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. కాకపోతే తప్పు!

డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీని గుట్టు విప్పాడు. మనం నకలుకే మారుపేరుగా వాడుకునే ఆ కంపెనీ యంత్రాల్లో కొన్ని, ఫైలు సైజు తగ్గించేందుకు ఆకారాల్ని పోల్చే పద్ధతిని వాడుతున్నాయి. చిన్న అక్షరాల్లో ఉన్న రెండు అంకెలు దగ్గరగా కనిపిస్తే 'రెండూ ఒకటేలే' అనుకుని ఒకదాని చోట మరొకటి అతికించేస్తున్నాయి. ఇంకో పట్టికలో 6 కాస్తా 8గా మారిపోయింది. 2013 ఆగస్టులో ఆయన ఈ సంగతి బయటపెట్టాక ప్రపంచవ్యాప్తంగా గగ్గోలు పుట్టింది. కంపెనీ పొరపాటుని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది.

మసకబారిన అక్షరం కనీసం తాను మసకబారానని చెబుతుంది. మారిపోయిన అంకె అదీ చెప్పదు. మార్కుల మెమోలో హాల్‌టికెట్ నంబరు, దస్తావేజులో సర్వే నంబరు, మందుల చీటీలో మోతాదు... వీటిలో 6కి 8 పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? సైజు తగ్గించిన ఫైలుని పంపేముందు అసలుతో పోల్చుకోవాలని చెప్పేది ఇందుకే. పోల్చడమంటే పైపైన చూసి 'బాగానే ఉంది' అనుకోవడం కాదు. ఒకరు అసలు కాగితంలోని అంకెల్ని పైకి చదవాలి, మరొకరు తెర మీద సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని.

తెలుగు అక్షరాలకి మరికాస్త...

ఇంగ్లిషు అక్షరాలు కాస్త మసకగా ఉన్నా చదివేయొచ్చు. మన అక్షరాలకి ఆ వెసులుబాటు తక్కువ. 'ద'కీ 'థ'కీ తేడా నడుమనున్న ఓ చుక్క. 'ద'కీ 'ధ'కీ తేడా కింద గీసిన చిన్న గీత. 'ప' కింద ఆ గీత ఉంటే 'ఫ'. ఇక వత్తులూ, గుణింతాలూ అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. డీపీఐ మరీ తగ్గిస్తే ముందుగా మాయమయ్యేవి ఇవే. పాత పహాణీలు, అడంగళ్లు, చేతిరాత దస్తావేజుల్లాంటివి ఎప్పుడూ 300 డీపీఐకి తగ్గించకుండా స్కాన్ చేసుకోవడం మేలు. పెద్దక్షరాలతో అచ్చయిన సర్టిఫికెట్లకయితే 200 సరిపోతుంది. 150కన్నా దిగువకి వెళ్లాల్సి వస్తే మాత్రం ప్రతి అక్షరాన్నీ చూసుకోవాల్సిందే.

ఏ కాగితానికి ఏ పద్ధతి?

* నల్ల సిరాతో అచ్చయిన తెల్ల కాగితాలు, పుస్తకం పేజీలు: నలుపు-తెలుపు, 300 డీపీఐ. తక్కువ బరువు, స్పష్టమైన అక్షరం.

* మార్కుల మెమోలు, ధ్రువీకరణ పత్రాలు: గ్రేస్కేల్, 200 డీపీఐ. నలుపు-తెలుపుల్లో తీస్తే వెనక ఉన్న లేత రంగు డిజైను నల్లటి మచ్చలుగా మారి అక్షరాల్ని మింగేయొచ్చు.

* ఊదారంగు రబ్బరు స్టాంపు, ఆకుపచ్చ సిరా సంతకం, ఫొటో ఉన్న పత్రాలు: రంగు, 200 డీపీఐ. రంగు ప్రతే కావాలని నిబంధన ఉంటే ఇక గ్రేస్కేల్ ఆలోచన వద్దు.

* స్టాంపు పేపర్లు, పాత దస్తావేజులు: గ్రేస్కేల్ లేదా రంగు, 300 డీపీఐ.

* పాన్‌కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి కార్డులు: కార్డు మేరకే కత్తిరించండి. ఏ4 పేజీలో కార్డు ఆక్రమించేది సుమారు పదమూడో వంతే. మిగతా పన్నెండు వంతులూ ఉత్త గాజుపలకని ఫొటో తీసి మోస్తున్నట్టు!

ఇంట్లోనే చేసుకోవచ్చు

ఇంట్లో స్కానర్ లేకపోయినా ఫోనుంది కదా! అయితే ఫోను కెమెరాతో మామూలుగా ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే మొదటికే మోసం. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. 300 డీపీఐ స్కాన్‌కన్నా ఎక్కువ. పైగా చేతి నీడ, దుప్పటి పువ్వులు, కాగితం మడతలు... ఇవన్నీ బరువే. కెమెరా దృష్టిలో అక్షరమెంత ముఖ్యమో నీడా అంతే ముఖ్యం మరి. అందుకే స్కానింగ్ కోసం ఉద్దేశించిన సౌకర్యాన్నే వాడాలి. గూగుల్ డ్రైవ్‌లో, ఐఫోన్ నోట్స్‌లో ఇది ఉంది. అడోబీ స్కాన్ లాంటి యాప్‌లూ ఉన్నాయి. కాగితాన్ని ముదురు రంగు బల్ల మీద పరిచి, పగటి వెలుతురులో, నీడ పడకుండా తీయాలి. అంచులు కత్తిరించి, గ్రేస్కేల్ ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే. ఒకప్పుడు చాలామంది ఫోన్లలో కనిపించిన క్యామ్‌స్కానర్, 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటని గుర్తుంచుకోండి.

ఇప్పటికే పెద్దదైపోయిన ఫైలు చేతిలో ఉంటే? కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ చాలు. అందులోని 'డ్రా'లో పీడీఎఫ్‌ని తెరిచి, మళ్లీ పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు రెండు మీటలు కనిపిస్తాయి. ఒకటి జేపెగ్ నాణ్యత, రెండోది బొమ్మల డీపీఐ. ముందు డీపీఐ 150 చేసి చూడండి. చాలకపోతే నాణ్యతని 90 నుంచి 70కి దించండి. ఒక్కసారే అడుగుకి దించేయకుండా మెట్టు మెట్టుగా దిగడం మంచిది. కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లకి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 'స్క్రీన్' అనే అమరిక 72 డీపీఐకి, 'ఈబుక్' 150కి, 'ప్రింటర్' 300కి మారుస్తాయి. సర్టిఫికెట్లకి 'స్క్రీన్' జోలికి వెళ్లకండి. అక్షరం అలుక్కుపోతుంది.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచూ జరుగుతుంటాయి. ఒకటి- పీడీఎఫ్‌ని జిప్ చేయడం. లోపలి ఫొటోలు అప్పటికే కుదించినవి కాబట్టి దాంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. రెండు- కుదించినదాన్నే మళ్లీ మళ్లీ కుదించడం. జిరాక్స్ తీసిన కాగితానికి మళ్లీ జిరాక్స్ తీసినట్టు ప్రతిసారీ కొంత పోతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అసలు స్కాన్ నుంచే మొదలుపెట్టాలి. మూడు- వాట్సాప్‌లో ఫొటోగా పంపడం. అది తనంతట తాను సైజు తగ్గించేస్తుంది. పంపాల్సింది 'డాక్యుమెంట్'గా.

వీటిని మాత్రం ముట్టుకోవద్దు

కుదించకూడని పీడీఎఫ్‌లు కొన్ని ఉన్నాయి. ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఈ-ఆధార్, డిజిటల్ సంతకంతో వచ్చిన ధ్రువీకరణ పత్రాలు ఈ కోవలోకి వస్తాయి. ఆ సంతకం ఫైలులోని ప్రతి బైటుకీ ముడిపడి ఉంటుంది. ఫైలుని ఏమాత్రం మార్చి రాసినా సంతకం చెల్లదు. ప్రింటు తీసి స్కాన్ చేస్తే అసలు సంతకమే ఉండదు, సంతకం బొమ్మ మిగులుతుందంతే. అలాంటివి వచ్చినవి వచ్చినట్టుగానే పంపాలి. స్కాన్ చేసిన ఫైళ్లకన్నా అవి చాలావరకు తేలిగ్గానే ఉంటాయి కూడా.

ఉచితంగా సైజు తగ్గిస్తామనే వెబ్‌సైట్ల విషయంలోనూ ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ కుదింపు జరిగేది మీ కంప్యూటర్‌లో కాదు. చాలా సైట్లలో ఫైలు ముందు వాళ్ల దగ్గరికి వెళ్తుంది, తర్వాత తిరిగి వస్తుంది. సినిమా పాటల పుస్తకమైతే పోయేదేమీ లేదు. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, ఆస్తి పత్రాలైతే ఇంట్లోనే చేసుకోవాలి. ఆధార్ తప్పనిసరిగా ఇవ్వాల్సిన చోట, పూర్తి నంబరు అడగకపోతే, చివరి నాలుగంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' ఇవ్వొచ్చు. ఇంటర్నెట్ సెంటర్‌లో పని చేయించుకుంటే లేచేముందు డెస్క్‌టాప్ మీది ఫైళ్లు తీసేయించండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయించండి. వాట్సాప్ తెరిచి ఉంటే లాగౌట్ చేయండి.

రెండు ప్రతులుండాలి

దరఖాస్తు కోసం చేసిన 200 కేబీల ప్రతి ఆ ఒక్క పనికే. అది తిథి చూసి వచ్చే చుట్టం లాంటిది, పని కాగానే వెళ్లిపోతుంది. ఇంట్లో ఉండిపోవాల్సింది వేరే ఉంది. తాతల నాటి పట్టా, అమ్మానాన్నల పెళ్లి పత్రం, పిల్లల జనన ధ్రువీకరణ, చదువుల సర్టిఫికెట్లు... వీటిని తీరిగ్గా ఓ ఆదివారం కూర్చుని 300 డీపీఐలో, రంగుల్లో స్కాన్ చేసి, పేర్లు పెట్టి రెండు చోట్ల దాచుకోండి. వంద కాగితాలైనా జేపెగ్ కుదింపుతో ఓ చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. ఎప్పుడు ఎవరు ఎంత సైజు అడిగినా ఆ పెద్ద ప్రతి నుంచి చిన్నది తీసుకోవచ్చు. చిన్న ప్రతి నుంచి పెద్దది మాత్రం ఎవరూ తీయలేరు. ఒకసారి పోయిన చుక్కల్ని ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నవి ఉన్నట్టు తెచ్చివ్వలేదు. కొత్తవి ఊహించి పూరిస్తుందంతే.

ఆ పని గడువు రోజు రాత్రి కాకుండా ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఈసారి ఎర్రక్షరాలు కనిపించినా గుండె దడదడలాడదు!